లెక్కల సారు వారానికి ఎన్ని రోజులు వస్తడు?



ఈ వారం పత్తి విత్తనాల సంగతి రాస్తానని పోయినసారి చెప్పాను. అది కొంచెం ఆగుతుంది. మిరుగు వచ్చింది, రెండు వానలు పడ్డాయి. సగం మంది విత్తనం పెట్టారు, సగం మంది మొగులు చూసుకుంట కూసున్నారు. జూన్ 12న బడులు కూడా తెరిచారు. మన రైతులకు ఈ రెండు పనులూ ఒక్కసారే మీద పడతాయి.

విత్తనం ప్యాకెట్ కొనేటప్పుడు పది మందిని అడుగుతాం. నిరుడు ఎవరికి ఎన్ని క్వింటాళ్ళు ఎల్లింది, కాయ ఎట్లుంది, గులాబీ పురుగు పట్టిందా, ఏ భూమిలో పెట్టారు, అన్నీ అడుగుతాం. పిల్లను బడిలో వేసేటప్పుడు ఇందులో సగం కూడా అడగం. దగ్గరున్న దాంట్లో వేస్తాం, లేకుంటే పక్కింటోళ్ళు వేసిన దాంట్లో వేస్తాం. నేనూ అట్లనే చేసిన. దాని నష్టం నేను పడలేదు, నా బిడ్డ పడ్డది. అందుకే ఈ పోస్టు. పొడుగుంటది, ఓపికతో చదవండి.

2003లో మా పెద్దబిడ్డ నాలుగో తరగతి. ఊరి బడి సారు తనే ఫారం తెచ్చి గురుకులం పరీక్ష రాయించాడు. సీటు వచ్చింది. మా ఉమ్మడి నల్గొండ జిల్లావాళ్ళకు గురుకులం కొత్త మాట కాదు. ఉమ్మడి రాష్ట్రంలో మొదటి గురుకులం 1971లో పెట్టింది మా సర్వేలులోనే, పీ.వీ. నరసింహారావు గారి హయాంలో. అక్కడ చదివినోళ్ళు పెద్ద పెద్ద ఆఫీసర్లయ్యారని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. నేను సంతోషంగా నల్గొండ పోయి రేకు పెట్టె, దానికో తాళం కొనుక్కొచ్చాను. బిడ్డ ఆ పెట్టెలో బట్టలు సర్దుకొని, మళ్ళీ తీసి, మళ్ళీ సర్దుకునేది.

పంపలేదు. "ఆడపిల్లను అంత దూరం పంపుతావురా" అని మా అమ్మ ఏడ్చింది. ఇన్నేండ్లూ అందరికీ అమ్మ ఏడ్చిందనే చెప్పుకున్నాను. అసలు సంగతి వేరే. మా చిన్నోడికి అప్పుడు ఏడాది. ఇంటామె పత్తి ఏరబోతే పిల్లగాణ్ణి ఎత్తుకునే మనిషి ఇంట్లో లేదు. ఆ పని పదేండ్ల బిడ్డ మీద పెట్టాను.

ఐదు అయినాక పక్క ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో వేశాను. మంచిగనే చదివింది. తొమ్మిదికి వచ్చేసరికి లెక్కల సారు బదిలీ అయి పోయాడు. రెండేండ్లు ఇంకొకరు రాలేదు. తెలుగు సారే పాపం ఎక్కాలు, భిన్నాలు చెప్పేవాడు. 2009లో పది పరీక్ష రాస్తే అన్నీ పాస్, లెక్కల్లో పోయింది. సప్లిమెంటరీలో గట్టెక్కింది గానీ అప్పటికే చదువు మీద మనసు విరిగింది. 2012లో పెళ్ళి చేశాం. ఆ రేకు పెట్టె ఇంట్లోనే ఉంది. పట్టాదారు పాస్‌బుక్కులు, బ్యాంకు కాగితాలు అందులో పెట్టుకుంటున్నాం.

ఇప్పుడు ఆ బిడ్డ బిడ్డ ఐదు పూర్తి చేసింది. అల్లుడు హైదరాబాద్‌లో ట్రాలీ నడుపుతాడు, బిడ్డ మిషన్ కుడుతుంది. అక్కడి కిరాయిలు, ఖర్చులు తట్టుకోలేక పిల్లను మూడో తరగతి నుంచి మా దగ్గరే ఉంచారు. ఈ ఫిబ్రవరిలో బిడ్డ ఫోన్ చేసి, "నాయినా, ఆరుకు ఎక్కడేద్దాం?" అంది. "నేను చూస్తా బిడ్డా" అన్నాను. ఈసారి మాత్రం నిజంగా చూడాలనుకున్నాను. ఒక నోటుబుక్ కొని, ఎక్సెల్ బండి మీద తిరిగాను. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు గదా, పొద్దున్నే పోతే సార్లు దొరికేవాళ్ళు.

సర్కారు బడి అంటే ఒక్కటే రకం అనుకుంటాం. మా చుట్టుపక్కలే ఐదు రకాలున్నాయి. తెలియనోళ్ళ కోసం ముందు అది చెప్తాను.

ఒకటి, జిల్లా పరిషత్ హైస్కూలు. 6 నుంచి 10 దాకా. పరీక్ష లేదు, ఎవరొచ్చినా చేర్చుకోవాలి.

రెండు, మోడల్ స్కూలు. తెలంగాణలో 194 ఉన్నాయి, 2013లో మొదలైనయి. 6 నుంచి ఇంటర్ దాకా ఒక్కచోటే ఉంటుంది. ఐదు చదివే పిల్లలు ప్రవేశ పరీక్ష రాయాలి. రోజూ పోయి రావాలి. ఆడపిల్లల హాస్టల్ ఉన్నా అది 9 నుంచి ఇంటర్ చదివేవాళ్ళకే.

మూడు, కస్తూర్బా విద్యాలయం. ఆడపిల్లలకే. పరీక్ష లేదు, తిండి, పడక అన్నీ అక్కడే. తల్లిదండ్రులు లేనివాళ్ళు, ఒక్కరే ఉన్నవాళ్ళు, మధ్యలో బడి మానేసినవాళ్ళు, బాగా బీదవాళ్ళు, వీళ్ళకు ముందు సీటు.

నాలుగు, గురుకులాలు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలు వేరువేరుగా ఉన్నాయి. అసలు ప్రవేశం 5వ తరగతిలోనే, అంటే నాలుగు చదువుతుండగానే పరీక్ష రాయాలి. ఇది చాలామందికి తెలవక ఐదు అయినాక పోయి అడుగుతారు. అప్పుడు మిగిలిన సీట్లే దిక్కు.

ఐదు, నవోదయ. కేంద్రం వాళ్ళది, 1986 నుంచి ఉన్నాయి. మా ఉమ్మడి జిల్లాకు చలకుర్తిలో ఉంది. ఏటా ఆరో తరగతికి 80 సీట్లే. అందులో కనీసం నూటికి 75 పల్లె పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు. పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. సగం మార్కులు తెలివి ప్రశ్నలకు, పావు లెక్కలకు, పావు భాషకు. 2024 డిసెంబరులో తెలంగాణకు ఇంకో 7 నవోదయలు మంజూరైనయి, అందులో సూర్యాపేట ఒకటి. చిన్న పిల్లలున్నోళ్ళు గుర్తు పెట్టుకోండి.

మా మనవరాలు నిరుడు గురుకులం, ఈ జనవరిలో నవోదయ రాసింది. రెండూ రాలేదు. మోడల్ స్కూలు పరీక్ష కూడా రాసింది, మొదటి లిస్టులో పేరు లేదు.

కస్తూర్బాకు పోయాను. ఆవరణ శుభ్రంగా ఉంది, పిల్లలు మంచిగ మాట్లాడారు. మేడం అంతా చూపించి నెమ్మదిగా, "మీ పాపకు అమ్మానాన్న ఉన్నారు కదండీ. నా దగ్గర ఇద్దరూ లేని పిల్లలు లైన్లో ఉన్నారు" అంది. గట్టిగా అడిగితే వచ్చేదేమో గానీ అడగబుద్ధి కాలేదు. ఆ సీటు మాది కాదు.

అంటే పరీక్షలన్నీ అయిపోయినాక మిగిలింది హైస్కూలే. నాకొక్కడికే కాదు, మనలో ఎక్కువ మందికి చివరికి మిగిలేది అదే. అందుకే హైస్కూలుకూ హైస్కూలుకూ తేడా చూడటం నేర్చుకోవాలి.

మాకు రెండు హైస్కూళ్ళు అందుబాటులో ఉన్నాయి. ఒకటి పక్క ఊరిది, మూడున్నర కిలోమీటర్లు. నా బిడ్డ చదివింది అందులోనే. రెండోది మండల కేంద్రంలోది, 11 కిలోమీటర్లు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మొదట నాకు పక్క ఊరిదే నచ్చింది.

ఎందుకు నచ్చిందో చెప్తాను. గేటు దగ్గరే బ్యానర్ కట్టారు, పదో తరగతిలో నూటికి నూరు పాస్ అని. మండలం హైస్కూల్లో 62 మంది రాస్తే 57 మంది పాస్. పక్క ఊరిది గెలిచినట్టే గదా. రూములు ఖాళీగా, చెట్ల నీడ ఉంది. వంట చేసే అక్కలు ఏ పిల్ల ఎంత తింటదో పేరు పేరునా చెప్తారు. మండలం హైస్కూల్లో 300 మందికి పైన పిల్లలు. రూములు ఇరుకు. ఆడపిల్లల బాత్‌రూం దగ్గర విరామం గంటలో లైను చూశాను. అన్నం దగ్గర కూడా లైనే.

కానీ నోటుబుక్ ఉంది గదా, ఇంకో ప్రశ్న అడిగాను. "సార్, నూటికి నూరు అంటే ఎంతమంది రాశారు?" 11 మంది రాశారు, 11 మంది పాస్. "వీళ్ళు ఆరులో చేరినప్పుడు ఎంతమంది ఉన్నారు?" పాత రిజిస్టర్ తీసి చూస్తే 19. ఎనిమిది మంది ఏమయ్యారు? కొందరు గురుకులాలకు, కొందరు ప్రైవేటుకు, ఇద్దరు మాత్రం మొత్తానికే మానేశారు. ఒకడు మేస్త్రీ వెంట పోతున్నాడు.

అన్నలారా, పత్తి మొదటి ఏరుడు తెల్లగ, మంచిగ వస్తది. దాన్నే తూకం వేసి చేను మొత్తం లెక్క చెప్తే ఎట్లుంటది? చివరి ఏరుడు దాకా చూడాలె, మొలవని కుదుళ్ళు కూడా లెక్క పెట్టాలె. బడి సంగతీ అంతే. ఎంతమంది పాసయ్యారని అడిగితే సరిపోదు, ఆరులో చేరిన వాళ్ళలో ఎంతమంది పది దాకా నిలబడ్డారని అడగాలె.

ఇంకో సంగతి. నవోదయ, గురుకులాల ఫలితాలు చూపించి హైస్కూలు సార్లను తిడతాం. కాల్వ కింద నల్లరేగడిలో పండిన పత్తిని, వాన మీద బతికే చెల్కలో పత్తితో పోల్చి చెల్క రైతును తిడితే ఊరుకుంటామా? పరీక్ష పెట్టి ఏరుకున్న పిల్లలు ఒకచోట, ఎవరొచ్చినా కాదనకుండా చేర్చుకునేది ఇంకోచోట. అ ఆలు సరిగా రాకుండా ఆరుకు వచ్చిన పిల్లను పది గట్టెక్కించిన సారు పని, 90 మార్కులు తెచ్చుకునే పిల్లకు 95 తెప్పించిన సారు పని కంటే చిన్నది కాదు. గురుకులాలు చెడ్డవని నేను అనడం లేదు. సీటు వస్తే పంపండి, నేను చేసిన తప్పు చేయకండి. పోల్చేటప్పుడు భూమిని చూసి పోల్చండి అంటున్నాను, అంతే.

అయినా నా మనసు పక్క ఊరి బడి మీదనే ఉంది. దగ్గర, కండ్ల ముందుంటది, సైకిల్ మీద పోయి వస్తది. ఆ మాట అనుకుంటున్నప్పుడు 2003లో కూడా ఇదే మాట అనుకున్నానని నాకు తట్టలేదు.

జూన్ మొదటి వారంలో బిడ్డ హైదరాబాద్ నుంచి వచ్చింది. నోటుబుక్ చూపించాను. అంతా చదివింది. "పా నాయినా, ఒకసారి చూసొద్దాం" అంది. బండి మీద పక్క ఊరికి పోయాం. బడిబాట రోజులు గనుక హెడ్‌మాస్టర్ గారు బడిలోనే ఉన్నారు. పాత విద్యార్థి అని తెలిసి సంతోషపడ్డారు. కుర్చీ వేయించి, "మీ పాపను ఇక్కడే చేర్చమ్మా, మన బడి కదా" అన్నారు. బిడ్డ చుట్టూ చూసింది. తను కూసున్న రూముకు ఇప్పుడు రంగు వేశారు, టైల్స్ వేశారు.

ఒక్కటే అడిగింది. "సార్, లెక్కల సారు వారానికి ఎన్ని రోజులు వస్తడు?"

నా నోటుబుక్కులో గదులున్నాయి, బాత్‌రూములున్నాయి, అన్నం ఉంది, పాస్ పర్సెంటేజీ ఉంది. ఈ ప్రశ్న లేదు. 'సార్లు ఎంతమంది' అని అడిగి ఏడుగురు అని రాసుకున్నాను. ఏ సబ్జెక్టుకు ఎవరు అని అడగలేదు.

హెడ్‌మాస్టర్ గారు కొంచెంసేపు ఆగారు. "నీకు అబద్ధం చెప్పనమ్మా. రెండు రోజులు. వేరే బడి నుంచి డిప్యుటేషన్ మీద వస్తారు. పిల్లల సంఖ్య తగ్గిందని పోస్టు సర్దుబాటులో పోయింది. ఫిజిక్స్ కూడా బయాలజీ సారే చెప్తారు" అన్నారు. మంచి మనిషి. దాచిపెట్టి ఉంటే మేము చేర్పించి పోయేవాళ్ళం.

"నేను చదివినప్పుడు రెండేండ్లు అసలే రాలేదు సార్" అంది బిడ్డ. కోపంగా అనలేదు. నీళ్ళు తాగి లేచింది.

వచ్చేటప్పుడు చెరువు కట్ట మీద బండి ఆపాను. ఇరవై రెండేండ్ల సంగతి చెప్పాలనిపించింది. "నిన్ను పంపంది నాయినమ్మ ఏడ్చినందుకు కాదు బిడ్డా" అని మొదలు పెట్టాను.

"నాకప్పుడే తెలుసు నాయినా. తమ్ముణ్ణి ఎత్తుకున్నది నేనే గదా" అంది.

ఇగ నాకు మాట రాలేదు. ఆమెనే, "ఎండ ఎక్కుతుంది, పోదాం పా" అంది.

తెల్లారి ముగ్గురం మండలం హైస్కూలుకు పోయాం, పిల్లను కూడా తీసుకొని. ఈసారి సబ్జెక్టు వారీగా అడిగాం. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, ఫిజిక్స్, బయాలజీ, సోషల్, అన్నింటికీ సార్లు, మేడమ్‌లు ఉన్నారు. లెక్కలకు ఇద్దరు. అందులో ఒకాయన 2024 డీఎస్సీలో వచ్చిన కొత్త పిల్లగాడు. ఆ డీఎస్సీకి 11,062 పోస్టులు ప్రకటించారు, అందులో ఒకటన్నా పక్క ఊరి బడికి వచ్చి ఉంటే ఈ పోస్టు వేరేలాగ రాసేవాణ్ణి.

నా బిడ్డ ఇంకో ప్రశ్న అడిగింది. దీన్ని అందరూ గుర్తు పెట్టుకోండి. "ఎనిమిదో తరగతిలో ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష ఎంతమంది రాస్తారు సార్?" అది కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్. ఎనిమిదిలో పరీక్ష, సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు పిల్లల ఖాతాలో పడతాయి. నాలుగేండ్లకు 48,000. ఇంటి ఆదాయం ఏటా మూడున్నర లక్షల లోపు ఉండాలి. సర్కారు, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బడుల్లో రోజూ పోయి వచ్చి చదివే పిల్లలకే ఇది, నవోదయ, గురుకులం పిల్లలకు లేదు. అంటే మన హైస్కూలు పిల్లల కోసమే పెట్టింది, మనకే తెలియదు. ఈ పరీక్షకు సార్లు సాయంత్రం పూట కూర్చోబెట్టి చెప్తున్నారా లేదా అన్నది చూస్తే ఆ బడి సంగతి సగం తెలిసిపోతది. ఎందుకంటే ఇది ఎవరూ బలవంతం చేసే పని కాదు. పిల్లల మీద మనసున్న సారే చేస్తడు. మండలం హైస్కూల్లో లెక్కల మేడం చెప్తుందట. పక్క ఊరిలో నిరుడు ఎవరూ రాయలేదు.

పదిలో మంచి మార్కులు వస్తే బాసర ట్రిపుల్ ఐటీ ఉంది. 2008లో పెట్టారు, పది అయినాక ఆరేండ్ల ఇంజనీరింగ్ చదువు. సీట్లు పది మార్కుల మీదనే ఇస్తారు, జిల్లా పరిషత్ లాంటి రోజువారీ సర్కారు బడుల పిల్లలకు కొంత కలిపి లెక్క కడతారు. హైస్కూల్లో చదివితే దారులు మూసుకపోవు. కాకపోతే ఆ దారి మీద నడిపించే సారు ఉండాలె.

ఇగ దూరం సంగతి. 11 కిలోమీటర్లు. ఒకప్పుడైతే ఆడపిల్లను అంత దూరం రోజూ పంపడం అనే మాటే లేదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ లేదు గదా, ఖర్చు బాధ పోయింది. మా ఊరి నుంచి ఇంకో నలుగురు ఆడపిల్లలు అదే బస్సుకు పోతారు. అయినా ఒక బాధ ఉంది. పదో తరగతికి వచ్చేసరికి చలికాలం సాయంత్రం స్పెషల్ క్లాసులుంటాయి. అప్పటికి చీకటి పడుతది, మన ఊరి చివరి బస్సు పోతది. ఆ రోజులకు నేనో, వాళ్ళ మామనో బండి మీద పోవాలె. పోతం. అప్పుడు చిన్నోణ్ణి ఎత్తుకునే మనిషి లేదని ఆపిన. ఇప్పుడు ఆ చిన్నోడే మేనకోడల్ని తీసుకురావాలె.

పిల్లను కూడా అడిగాం. "తాతా, ఆ బడిలో లైబ్రరీ రూముకు తాళం లేదు" అంది. నేను గమనించనే లేదు.

అక్కడ చేర్పించాం.

ఇక్కడితో ఆపేస్తే నా పని మంచిగనే ఉంటది. కానీ ఇంకో మాట చెప్పకపోతే తప్పు. పక్క ఊరి బడిలో 74 మంది పిల్లలుంటే, మా మనవరాలితో అందులోకి రావలసిన ఒకరు తగ్గారు. సంఖ్య తగ్గిందని పోస్టు పోయింది, పోస్టు పోయిందని మేము పోయాం, మేము పోయామని రేపు ఇంకో పోస్టు పోతది. చెరువు పట్టించుకోకుండా ఎవరి బోరు వాళ్ళు వేసుకున్నట్టే ఉంది ఇది. బోర్లున్నోళ్ళ పొలాలు కొన్నేండ్లు పచ్చగుంటయి. చెరువు ఎండినాక బోర్లు కూడా ఎండుతయి, అది మనం చూసిందే. నా పిల్లకు నేను బోరు వేసుకున్నాను. బస్సు ఎక్కలేని పిల్లలు, పొద్దున బర్రెలకు గడ్డి కోసి వచ్చే పిల్లలు, తల్లి ఒక్కతే ఉన్న పిల్లలు, వాళ్ళందరూ ఆ చెరువు కిందనే ఉన్నారు.

ఇంకో నిజం కూడా ఒప్పుకుంటాను. ఒకప్పుడు ఆ బడి కమిటీలో నేనూ మెంబరునే. 2009 విద్యాహక్కు చట్టం కింద ప్రతి బడికి తల్లిదండ్రుల కమిటీ ఉండాలె, నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలె. అదే చట్టం 6 నుంచి 8 తరగతులకు లెక్కలు-సైన్సుకు ఒకరు, సోషల్‌కు ఒకరు, భాషలకు ఒకరు కనీసం ఉండాలని చెప్తుంది. 35 మంది పిల్లలకు ఒక టీచర్ ఉండాలని చెప్తుంది. నేను మీటింగుకు పోయి, సంతకం పెట్టి, చాయ్ తాగి వచ్చేటోణ్ణి. ఎరువుల దుకాణంలో బస్తాకు పది రూపాయలు ఎక్కువ తీసుకుంటే కొట్లాడినోణ్ణి, లెక్కల సారు ఏడని ఒక్కసారి అడగలేదు.

అందుకని పోయిన సోమవారం మూడు ఊర్ల నుంచి తొమ్మిది మందిమి కలిసి ఒక దరఖాస్తు రాసుకున్నాం. లెక్కల పోస్టు, ఫిజిక్స్ పోస్టు నింపాలని. ఉత్త మాట రాయలేదు. మూడు ఊర్లలో 6 నుంచి 10 చదివే వయసు పిల్లలు ఎంతమంది, అందులో బయటి బడులకు పోయేవాళ్ళు ఎంతమంది, సారు వస్తే తిరిగి ఇదే బడికి పంపుతామని ఎంతమంది సంతకం పెట్టారు, అన్నీ లెక్క రాసి మండల విద్యాధికారి ఆఫీసులో ఇచ్చి, స్టాంపు వేసిన నకలు తీసుకున్నాం. ఇంకో నకలు జిల్లా విద్యాధికారికి పంపాం. ఆ సంతకాల్లో నాదీ ఉంది. సారు వస్తే మా మనవరాలిని తిరిగి ఇక్కడ వేస్తానా? ఏడో తరగతికి వేస్తానని రాసిచ్చాను. బిడ్డకు కూడా చెప్పాను. "ముందు సారు రానీ నాయినా" అంది.

మీ పిల్లల కోసం బడి చూసేటోళ్ళకు నా నోటుబుక్కులో చివరికి మిగిలిన ప్రశ్నలు ఇవి. సిగ్గుపడకుండా అడగండి, మన బడి అది.

1. ఏ సబ్జెక్టుకు ఏ సారు? వారానికి ఎన్ని రోజులు వస్తారు? సొంత పోస్టా, డిప్యుటేషనా?

2. ఈసారి పది రాసిన పిల్లలు ఆరులో చేరినప్పుడు ఎంతమంది? మిగతావాళ్ళు ఎక్కడికి పోయారు?

3. ఎన్.ఎం.ఎం.ఎస్. ఎంతమంది రాశారు? ఎవరు చెప్తున్నారు?

4. ఆడపిల్లల బాత్‌రూములో నీళ్ళు వస్తున్నాయా? ఇంటామెనో బిడ్డనో వెంట తీసుకపోయి చూపించండి. పెద్దక్లాసు ఆడపిల్లలు బడి మానడానికి ఇది కూడా ఒక కారణమే.

5. సాయంత్రం క్లాసులున్నప్పుడు పిల్ల ఇల్లు చేరేది ఎట్ల?

6. లైబ్రరీ, ల్యాబ్ రూములకు తాళం ఉందా, తీసి ఉందా?

ఒకటి కలుపుతాను. ప్రతి బడికి యూడైస్ అని 11 అంకెల నంబరు ఉంటది. చదువుకున్న పిల్లగాళ్ళను అడిగితే ఫోన్‌లో ఆ నంబరు కొట్టి పిల్లలు ఎంతమంది, టీచర్లు ఎంతమంది చూపిస్తారు. పోయే ముందు చూసుకొని పోండి. కానీ అది చూసి ఇంట్లో కూసోకండి. 'టీచర్లు ఏడుగురు' అని రాసుకొని నేను మోసపోయింది చూశారు గదా.

మనవరాలు వారం రోజులుగా బస్సుకు పోతుంది. వాళ్ళ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. 2022 నుంచి అన్ని సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు ఇట్ల అచ్చు వేయడం మొదలుపెట్టారు. రాత్రి ఆమె ఇంగ్లీషు పేజీ చదువుతది, నేను తెలుగు పేజీ చదివి అర్థం చెప్తాను. ఇంటర్ చదివిన చదువు ఇన్నేండ్లకు పనికొచ్చింది. పుస్తకాలు పెట్టుకోవడానికి జాగ అడిగితే రేకు పెట్టెలో పాస్‌బుక్కులు తీసి బీరువాలో పెట్టి, పెట్టె ఆమెకు ఇచ్చాను. తాళం తుప్పు పట్టింది, కొత్తది కొనాలె.

మీ చుట్టుపక్కల హైస్కూల్లో లెక్కల సారు వారానికి ఎన్ని రోజులు వస్తున్నాడో కనుక్కొని రాయండి. తెలవకపోతే రేపు పొద్దున చేనుకు పోయేటప్పుడు బడి గేటు ముందు ఒక నిమిషం ఆగి అడగండి.

పత్తి విత్తనాల సంగతి వచ్చే వారం తప్పకుండా రాస్తాను. పదును లేకుండా తొందరపడి గింజ పెట్టకండి. ఉంటాను.